పాత ఫోర్ వీల్ పికప్‌కి కంపెనీ టైరు సైజు తేల్చుకోవడం ఎలా?

పాత జీపు పికప్‌ని తీసుకెళ్లి విజయవాడ ఆటోనగర్‌లో నిలబెట్టి "దీనికి ఏ సైజు టైరు వేయాలండీ?" అని నలుగురిని అడగండి. నాలుగు సైజులు చెబుతారు, నాలుగూ నమ్మకంగానే చెబుతారు. ఒకాయన తన దగ్గర స్టాకున్నది చెబుతాడు. ఇంకొకాయన వాళ్ల బాబాయి జీపుకి ఏం వేశారో అది చెబుతాడు. మరొకాయన కిందకి వంగి, ఇప్పుడు బండికున్న టైరు మీద అంకెలు చదివి చెబుతాడు. ఎక్కువ మంది మునిగేది ఈ మూడో సమాధానంతోనే. యాభై ఏళ్ల బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరికి ఎప్పుడు ఏ రిమ్ము చవగ్గా దొరికిందో ఎవరికి తెలుసు? చక్రానికి ఉన్న సైజు వేరు, కంపెనీ ఫిట్టింగ్ సైజు వేరు.

అందుకే ఈ పనిని వెనక నుంచి ముందుకి చేయకండి. ముందు బండి ఏదో తేల్చుకోండి, తర్వాత ఛాసిస్, రిమ్ము కొలవండి. టైరు షాపు గడప తొక్కడం అన్నిటికంటే ఆఖరి పని.

మొదట కాగితాలు

ఆర్సీ తీయండి. అందులో వీల్‌బేస్ రాసి ఉంటుంది. చాలామంది ఆ గడి వైపు ఎప్పుడూ చూసి ఉండరు. ట్రాన్స్‌పోర్ట్ బండిగా రిజిస్టరై ఉంటే ముందు ఇరుసుకి, వెనక ఇరుసుకి ఎన్ని టైర్లు, ఏ సైజు అన్నది కూడా ఉంటుంది. అయితే ఆ అంకెల్ని గుడ్డిగా నమ్మకండి. మిలిటరీ వేలంలో కొన్న బండ్లకు, రెండు మూడు జిల్లాలు తిరిగొచ్చిన బండ్లకు రిజిస్ట్రేషన్ రోజున బండికి ఏది ఉంటే అదే రాయించిన సందర్భాలు ఉంటాయి. ఆర్సీని ఒక సాక్షిగా చూడండి, తీర్పు మాత్రం దానికి వదలకండి.

తర్వాత ఛాసిస్ నంబరు. మట్టి, గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. ఆర్టీవో ఆఫీసులో ఎలా తీస్తారో అలాగే. కంటికి కనపడని అక్షరం కూడా ప్రింట్‌లో తేలుతుంది. బానెట్ లోపల గానీ డ్యాష్ మీద గానీ ఇత్తడి ప్లేటో అల్యూమినియం ప్లేటో మిగిలి ఉంటే అది మీ అదృష్టం. దాన్ని ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి, అక్షరాలు పోతాయి.

వీల్‌బేస్: దీనికి తీరిగ్గా టైం కేటాయించండి

ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్య వరకు ఉండే దూరమే వీల్‌బేస్. బండి పొడవు మారుతుంది, ఎత్తు మారుతుంది, బాడీ మొత్తం మారిపోతుంది. ఈ ఒక్క కొలత మాత్రం ఛాసిస్‌తోనే పుట్టి ఛాసిస్‌తోనే ఉంటుంది, ఎవరైనా కోసి అతికిస్తే తప్ప.

బండిని చదునైన సిమెంటు గచ్చు మీదకి తీసుకురండి. ఆటోనగర్ రోడ్డు మీద కుదరదు, అక్కడ ఎక్కడ చూసినా గుంటే. స్టీరింగ్ తిన్నగా పెట్టండి. బండిని రెండు గజాలు ముందుకు దొర్లించి బ్రేకు తొక్కకుండా దానంతట అదే ఆగనివ్వండి, అప్పుడు కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) తమ చోట కుదురుకుంటాయి. ఇప్పుడు తాపీమేస్త్రీ వాడే తూకపు గుండు తీసుకుని, దారాన్ని ముందు చక్రం హబ్ నడిమధ్యకి ఆనించి కిందకి వదలండి. గుండు మొన నేలకి ఎక్కడ తగిలిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. వెనక చక్రానికీ అంతే. రెండు గీతల మధ్య టేపు లాగండి. అటువైపు కూడా ఇలాగే కొలవండి.

రెండు వైపులా ఒకే అంకె రావాలి. పావు అంగుళం మించి తేడా ఉంటే టైర్ల సంగతి పక్కన పెట్టండి. కమాను పట్టీల సెంటర్ బోల్ట్ తెగి ఇరుసు జరిగి ఉండొచ్చు, లేదా ఛాసిస్ వంగి ఉండొచ్చు. అది సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే ఆరు నెలల్లో ఒకవైపే అరిగిపోతాయి.

కొలత అంగుళాల్లోనే రాసుకోండి. ఈ బండ్లు పుట్టింది అంగుళాల లోకంలో. మిల్లీమీటర్లలో 2,032 అంటే ఏమీ తట్టదు, 80 అంగుళాలు అనగానే అమెరికా విల్లీస్ కంపెనీ జీపు అని చెప్పేయొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధకాలం విల్లీస్ ఎంబీ జీపు వీల్‌బేస్ సరిగ్గా 80 అంగుళాలు. ఎత్తు బానెట్ ఉన్న సీజే-3బీ (సీజే అంటే జనం కోసం చేసిన సివిలియన్ జీపు) కూడా దాదాపు అంతే. సీజే-5 అయితే 81. మన మహీంద్రా వాళ్లు పొడవు పెంచి చేసిన జీపులు 91. ముక్కు లేకుండా, డ్రైవరు ఇంజను మీద కూర్చున్నట్టు కనపడే ఎఫ్‌సీ-150 పికప్ 81 అంగుళాలే. చూడ్డానికి లారీ పిల్లలా ఉన్నా దాని ఛాసిస్ జీపుదే. దాని మొత్తం పొడవు 147.5 అంగుళాలు, అంటే పన్నెండున్నర అడుగులు కూడా లేదు. దాని అన్న ఎఫ్‌సీ-170 వీల్‌బేస్ 103.5. 1947 నుంచి 1965 వరకు అమెరికాలో తయారైన విల్లీస్ ఫోర్ వీల్ ట్రక్కుది 118. యుద్ధంలో తిరిగిన డాడ్జ్ డబ్ల్యూసీ-51 వెపన్ క్యారియర్‌ది 98, అదే వంశంలో 1946లో జనం కోసం వచ్చిన పవర్ వాగన్‌ది 126. ల్యాండ్ రోవర్ల సంగతి మరీ సులువు. 88, 109 అని వీల్‌బేస్ అంగుళాలనే బండి పేరుగా పెట్టుకున్నారు.

మీ టేపు మీద వచ్చిన అంకె వీటిలో దేనికీ దగ్గరగా లేకపోతే ఛాసిస్ కిందకి దూరండి. నిలువు పట్టాల మీద వెల్డింగ్ గీత, అడ్డంగా వేసిన ప్లేటు, రివెట్ల మధ్య కొత్త బోల్టులు కనిపిస్తున్నాయేమో టార్చి వేసి చూడండి. ఎక్కువ సరుకు పట్టాలని ఛాసిస్ పొడిగించడం మన దగ్గర కొత్తేమీ కాదు. అలాంటి బండికి కంపెనీ కొలతలు లేవు, ఇరుసుకి మాత్రమే ఉన్నాయి. అక్కడి నుంచి ఇరుసునే ఆధారంగా తీసుకోండి.

మొత్తం పొడవు, ఎత్తు కూడా కొలవండి గానీ వాటితో బండిని గుర్తుపట్టాలని చూడకండి. బంపరు ముందుకి ఎంత పొడిచింది, వెనక డాలా ఎవరు కట్టారు, టాపు గుడ్డదా రేకుదా అన్నదాన్ని బట్టి అవి మారిపోతాయి. ఎంబీ జీపు కంపెనీ పొడవు 132 అంగుళాల చిల్లర, వెడల్పు 62. ఇక్కడ కట్టించిన బాడీతో ఆ లెక్క కలిసిందంటే కట్టిన మేస్త్రీకి దండం పెట్టాలి.

రిమ్ము ఏం చెబుతోందో వినండి

చక్రం విప్పే ముందు ఒక జాగ్రత్త. విల్లీస్ కాలం జీపుల్లో ఎడమవైపు చక్రాల స్టడ్లకి ఉల్టా మర ఉంటుంది. మామూలుగా వదులు చేసే వైపు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. కుర్రాడు పానాకి పైపు తగిలించి మీదెక్కి తొక్కాడంటే స్టడ్ ఠక్కున తెగుతుంది. స్టడ్ చివర ఇంగ్లీషు 'ఎల్' అక్షరం కొట్టి ఉందేమో చూడండి. అక్షరం లేకపోయినా ముందు మెల్లగా రెండు వైపులా తిప్పి చూడమని చెప్పండి. తర్వాత ఎవరో మామూలు స్టడ్లు వేసి ఉంటే అదీ అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు స్టడ్ల వృత్తం. అయిదు స్టడ్లు ఉంటే ఎదురెదురు స్టడ్ ఉండదు కాబట్టి నేరుగా కొలవలేం. పక్కపక్కన ఉన్న రెండు స్టడ్ల నడిమి నుంచి నడిమికి కొలిచి, ఆ అంకెని 1.7తో హెచ్చించండి. విల్లీస్, సీజే జీపులకి వృత్తం అయిదున్నర అంగుళాలు, అంటే పక్క స్టడ్ల మధ్య 82 మిల్లీమీటర్లు రావాలి. అదే ల్యాండ్ రోవర్‌కి ఆరున్నర అంగుళాల వృత్తం. ఆరు స్టడ్ల బండి అయితే ఎదురెదురు స్టడ్ల మధ్య టేపు పెడితే చాలు. జబల్పూర్‌లో తయారైన జోంగా నిస్సాన్ పెట్రోల్ నుంచి వచ్చింది, దానికి ఆరు స్టడ్లు ఉంటాయి. విల్లీస్, సీజే జీపుకి ఆరు స్టడ్లు కనిపిస్తే ఇరుసులు వేరే బండివి వేసి ఉండొచ్చు.

రిమ్ము సైజు చాలావరకు లోపలి వైపు అచ్చు వేసి ఉంటుంది, తుప్పు గీకితే దొరుకుతుంది. దొరక్కపోతే కొలవాల్సిందే, కానీ అంచు నుంచి అంచుకి టేపు పెట్టి వచ్చిన అంకెనే సైజు అనుకోకండి. టైరు సైజులో చెప్పే 16 అన్నది టైరు అంచు కూర్చునే గాడి దగ్గర వ్యాసం. బయటి పెదవి నుంచి పెదవికి కొలిస్తే 16 రిమ్ము కూడా పదిహేడున్నర అంగుళాల దాకా చూపిస్తుంది. మీకు పదహారున్నర దగ్గర వచ్చిందంటే అది 15 రిమ్ము.

కంపెనీ ఏ టైరు వేసింది?

బండి, రిమ్ము తేలాయి కాబట్టి ఇప్పుడు సైజు చెప్పుకోవచ్చు. ఎంబీకి, సీజే-3బీకి 6.00-16. విల్లీస్ ట్రక్కుకి 7.00-16. ఎఫ్‌సీ-150కి 7.00-15, ఎఫ్‌సీ-170కి 7.00-16. ల్యాండ్ రోవర్ 88కి 6.00-16, 109కి 7.50-16. డాడ్జ్ వెపన్ క్యారియర్‌కి 9.00-16.

పవర్ వాగన్ దగ్గర చాలామంది పొరబడతారు. ఫొటోల్లో కనిపించేవన్నీ లావు 9.00-16 టైర్లతో ఉంటాయి కాబట్టి అదే కంపెనీ సైజు అనుకుంటారు. స్టాండర్డ్‌గా వచ్చింది 7.50-16. 9.00-16 కావాలంటే కొనేవాళ్లు అదనంగా డబ్బు కట్టి వేయించుకునేవాళ్లు. రెండూ కంపెనీవే, కాబట్టి ఏది వేసినా తప్పు లేదు. ఒకటి వేసి రెండోది నకిలీ అని వాదించకండి చాలు.

ఈ పాత సైజుల్లో రెండు అంకెలే ఉంటాయి. మొదటిది టైరు లావు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. ఈ కాలపు టైర్ల మీదలా పక్కగోడ ఎత్తు శాతం ఉండదు, ఎందుకంటే ఆ నైలాన్ టైర్ల ఎత్తు దాదాపు లావుతో సమానంగా ఉండేది. దాంతో ఒక నోటి లెక్క వేసుకోవచ్చు: లావుని రెట్టింపు చేసి రిమ్ముకి కలపండి. 6.00-16 అంటే ఆరు, ఆరు, పదహారు, మొత్తం 28. 7.50-16 అంటే 31. అసలు టైరు దీనికంటే అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎక్కువే ఉంటుంది. షాపులో నిలబడి రెండు సైజులు పోల్చుకోవడానికి ఈ లెక్క సరిపోతుంది.

ఇప్పుడు టైరు షాపుకి వెళ్లండి

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక గండం ఉంది. గుంటూరులో గానీ విజయవాడలో గానీ "అన్నా, సిక్స్ హండ్రెడ్ సిక్స్‌టీన్ ఉందా?" అని అడిగితే "ఎందుకు లేదు, ఎన్ని కావాలి బాబాయ్?" అని వెంటనే తెచ్చి ముందు పెడతారు. ధర కూడా బాగుంటుంది. కానీ అది ట్రాక్టరు ముందు టైరు. మన ట్రాక్టర్లు చాలావాటికి ముందు చక్రం సైజు కూడా 6.00-16 కావడంతో వచ్చిన తంటా ఇది. రిమ్ముకి చక్కగా ఎక్కుతుంది, గాలి కూడా నిలుస్తుంది. కానీ దాన్ని చేసింది పొలం వేగానికి. టైరు మీద నిలువునా మూడు గట్లు, పక్కన 'ఎఫ్-2' అన్న అచ్చు ఉంటే అది ట్రాక్టరుదే. వేగం గుర్తు 'ఏ6' అని ఉంటే గంటకి 30 కిలోమీటర్లు, 'ఏ8' అని ఉంటే 40, అంతకు మించకూడదు. దాంతో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పగులుతుంది, బ్రేకు పట్టు కూడా ఉండదు. "జీపు టైరు, రోడ్డు మీద నడిచేది" అని స్పష్టంగా అడగండి.

7.50-16కి ఇబ్బంది లేదు, చిన్న లారీలకి వాడే సైజే. 7.00-15 కూడా గూడ్స్ పికప్‌లకి వస్తుంది, కాబట్టి ఎఫ్‌సీ-150 ఉన్నవాళ్లు హాయిగా ఉండొచ్చు. వెతుక్కోవాల్సింది 7.00-16, 9.00-16 వాళ్లే.

కొత్త రేడియల్ సైజుల్లోకి మారాలనుకుంటే వ్యాసం దగ్గరగా ఉండేది చూడండి. 7.50-16 బదులు 235/85 ఆర్16 వేస్తే 31.7 అంగుళాలు వస్తుంది, దాదాపు సమానం. 7.00-16 బదులు 215/85 ఆర్16 అయితే 30.4. 6.00-16 తీసేసి 15 రిమ్ము మీద 235/75 ఆర్15 వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎత్తు 28.9 అంగుళాలు వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. కానీ ఆరు అంగుళాల లావున్న చోట తొమ్మిదికి పైగా వస్తుంది. పవర్ స్టీరింగ్ లేని బండి, గల్లీలో రివర్సు తీసేటప్పుడు భుజాలు చెబుతాయి. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు కమాను పట్టీలకి రాసుకుంటుంది. అది రాసుకోకుండా స్టాపర్ బోల్టు పెంచితే బండి తిరగడానికి ఇంకా ఎక్కువ జాగా కావాలి. నన్ను అడిగితే జీపుకి సన్న టైరే అందం, సన్న టైరే సుఖం.

పాత రిమ్ములు ట్యూబు టైర్ల కోసం చేసినవి. రేడియల్ వేసినా ట్యూబు వేయాల్సిందే, అదీ రేడియల్ ట్యూబే అడగండి. తయారీ తేదీ చూడటం మరవకండి. టైరు పక్కగోడ మీద 'డాట్' (DOT) అని మొదలయ్యే కోడు చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. పాత సైజులు నెమ్మదిగా అమ్ముడవుతాయి కాబట్టి గోడౌనులో ఏళ్ల తరబడి ఎండినవే అంటగట్టే ప్రమాదం ఎక్కువ. పక్కగోడని బొటనవేలితో నొక్కి వంచండి. వెంట్రుక లాంటి పగుళ్లు తేలితే వెనక్కిచ్చేయండి.

నాలుగూ ఒకటేనా?

మామూలు బండికైతే ముందు రెండు ఒక కంపెనీవి, వెనక రెండు ఒక కంపెనీవి ఉన్నా నడిచిపోతుంది. ఫోర్ వీల్ బండికి అలా కుదరదు. ఈ పాత బండ్లలో ముందు ఇరుసుకి, వెనక ఇరుసుకి మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉండదు. ఫోర్ వీల్ లివర్ వేశాక రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరగాలి. ముందు టైరు చిన్నది, వెనకది పెద్దది అయితే ఆ తేడా అంతా రెండు ఇరుసులకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద, షాఫ్టు జాయింట్ల మీద పడుతుంది. బురదలో చక్రం కాస్త జారి ఆ ఒత్తిడి పోతుంది. తారు రోడ్డు మీద పోదు, లివర్ వెనక్కి రాకుండా బిగుసుకుంటుంది.

టైర్లు వేయించాక అన్నిటికీ సమానంగా గాలి కొట్టించి, ఒక్కో టైరు మీద, దాని కింద నేల మీద సుద్ద గీత పెట్టండి. బండిని నెమ్మదిగా తోయించి టైరు గీత మళ్లీ నేలకి తాకిన చోట ఇంకో గీత పెట్టి కొలవండి. 6.00-16కి ఏడు అడుగుల పైచిలుకు వస్తుంది. నాలుగు చక్రాల మధ్య తేడా అర అంగుళం లోపు ఉంటే నిశ్చింత. స్టెప్నీని కూడా ఒకసారి తగిలించి కొలవండి. అందరూ వదిలేసేది దాన్నే.

కాటా, స్పీడు, ఆర్టీవో

దగ్గర్లో లారీ కాటా ఉంటే ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక తూకం, వెనకవి మాత్రం ఎక్కించి ఒక తూకం వేయించండి. గాలి ఎంత పెట్టాలో, ఎన్ని ప్లై (బరువు మోసే పొరల లెక్క) టైరు కావాలో తేల్చేది ఆ బరువే. గుంటూరులో కాటాలకి కొదవ లేదు గానీ మిర్చి సీజన్‌లో వెళ్తే టిక్కీల లారీల వెనక లైనులో నిలబడాలి. యుద్ధకాలం జీపుల మీద 'టీపీ 35' అని పెయింటుతో రాసి కనిపిస్తుంది, అది బండి నంబరు కాదు. టైరులో 35 పౌండ్ల గాలి పెట్టమని సిపాయికి రాసిన గుర్తు.

కంపెనీ సైజు కాకుండా వేరేది వేశారంటే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. 6.00-16 బండికి 7.50-16 వేస్తే చుట్టుకొలత సుమారు 11 శాతం పెరుగుతుంది. ముల్లు 50 మీద ఉన్నప్పుడు మీరు 55 దాటి వెళుతుంటారు. మంగళగిరి వైపు హైవే ఎక్కి ఫోన్‌లో జీపీఎస్ స్పీడు పెట్టుకుని పోల్చుకుంటే తేలిపోతుంది. గేరు కూడా బరువెక్కుతుంది. సీజే-3బీ ఇరుసు నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. పెద్ద టైరు వేస్తే అది సుమారు 4.85 అయినట్టే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో రావాల్సిన బండికి రెండో గేరు వేయాల్సి వస్తుంది.

ఆర్సీలో ఉన్న వివరాలకి, కంపెనీ నిర్దేశించిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బండికి 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. ఆ ఆలోచన ఉంటే మీరు తీసిన కొలతలు, పెన్సిల్ ప్రింటు, రిమ్ము అచ్చు ఫొటోలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. దరఖాస్తు నాటికి వెతుక్కునే టెన్షన్ ఉండదు.

చివరగా, చక్రాలు బిగించి ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. కొత్తగా రంగు వేసిన రిమ్ములైతే నట్టు కింద రంగు నలిగి తప్పకుండా వదులవుతాయి. ఎడమవైపువి ఏ వైపు తిరుగుతాయో ఆ పని చేసే కుర్రాడికి ముందే చెప్పండి.